మేస్త్రి వాటా

చిన్నరాయప్ప పోయి మూడేళ్లయినా ఆయన నడక ఇంకా తోటను విడిచిపెట్టలేదని కోడలు సవరమ్మ నమ్మకం. ఎండ నిటారుగా దిగే వేళ, గాలి ఆకుల్లో దూరి కునుకు తీసే వేళ, బంగినపల్లి చెట్ల వరస చివరినుంచి ఆ నడక వినిపించేది. ఒక అడుగు గట్టిగా పడేది. రెండో అడుగు నేలను బతిమాలుకుంటూ పడేది. మధ్యలో ఎక్కడో ఒక ఎండుటాకు చిట్లేది. సవరమ్మ చేతిలో పని ఆపి తలెత్తి చూసేది. చెట్ల కింద నీడ తప్ప ఎవరూ ఉండేవారు కాదు. సిలువ గుర్తు వేసుకుని, "పడుకో మామా" అని మెల్లగా అని, మళ్లీ పనిలో పడేది.

పందొమ్మిది వందల నలభై తొమ్మిదో సంవత్సరం, పిందెలు గోళీలంత అయిన రోజుల్లో, మళ్లీ ఆ నడక వినిపించింది. తలెత్తితే ఈసారి మనిషి కనబడ్డాడు. అవే వంగిన భుజాలు. అదే తలపాగా. ఎడమకాలిని కాస్త వెనక వదిలేసి, తర్వాత దాన్ని పిలుచుకున్నట్టు వచ్చే అదే తీరు. దగ్గరకొచ్చాక చూస్తే తన మొగుడు జోజి.

"ఏంటలా చూస్తావు, దెయ్యాన్ని చూసినట్టు?" అన్నాడు.

"కాలికేమైంది?"

"సొన పట్టింది. అదే పోద్దిలే."

కాయ ముదరడానికి ఇంకా రెండు నెలలుంది. పిందె రోజుల్లో సొన ఎక్కడిదని ఆమె అడగలేదు. అడిగితే అతను ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది. అది తను వినాల్సి వస్తుంది.

సవరమ్మది విస్సన్నపేట వైపు. పదిహేనో ఏట జోజిని కట్టుకుని నూజివీడు పక్కనున్న ఈ తోటలో పాకకు వచ్చింది. తోట పెద్దిరాజు గారు గుత్తకు తీసుకున్నది. అందులో చిన్నరాయప్ప కోతమేస్త్రి, అంటే కాయకోసే ముఠాకు పెద్ద. ఏ చెట్టు ఎప్పుడు కోయాలో, ఏ కొమ్మ మనిషిని మోస్తుందో, ఏది మోయదో ఆయన చెప్పాలి. కొత్తగా వచ్చిన రోజుల్లో సవరమ్మ నోరు తెరుచుకుని చూసేది. మామ కొమ్మమీద బరువు వేసేముందు ఎడమకాలి బొటనవేలితో దాన్ని తడిమేవాడు. గుడ్డివాడు మొహం తడిమినట్టు. బోలుగా ఉన్న కొమ్మ ఆ వేలికి తెలిసిపోయేది. ముప్ఫై ఏళ్లలో ఆయన ముఠాలో ఒక్క మనిషి పడలేదు. ఆయన పోయాక ఆ మేస్త్రి పని జోజికి వచ్చింది.

ఆ తోటలో ఒక ఆనవాయితీ ఉంది. మొదటి కోత రోజు పొద్దున్నే పెద్దిరాజు గారు మేకపోతును కోయిస్తారు. మాంసం ముఠా అందరికీ. కార్జం, రెండు మూత్రపిండాలు మాత్రం నిప్పులమీద కాల్చి, అడ్డాకులో పెట్టి మేస్త్రి చేతికిస్తారు. దాన్నే మేస్త్రి వాటా అంటారు. అందరూ చూస్తుండగా మేస్త్రి అది తిని, చిక్కం ఎత్తి మొదటి కాయ దించాలి. చిక్కమంటే చివర వల కట్టిన పొడుగాటి వెదురుగడ. వాటా తినకుండా చిక్కం ఎత్తితే ఆ ఏడు ఎవరో ఒకరు కొమ్మమీంచి జారతారని భయం. ముఠాలో బొట్టు పెట్టుకునేవాళ్లు ఉన్నారు, మెళ్లో సిలువ వేసుకునేవాళ్లూ ఉన్నారు. ఈ ఒక్క సంగతిలో అందరిదీ ఒకే మతం.

మామకు జబ్బులు వచ్చిన వరస సవరమ్మ కళ్లు మూసుకుని జపమాల పూసల్లా చెప్పగలదు. ముందు ఆ బొటనవేలు. తెల్లారేసరికి పండుమిరపకాయలా ఎర్రగా ఉబ్బింది, దుప్పటి అంచు తగిలినా కేకపెట్టాడు. వారానికి దానంతటదే తగ్గింది. మరుసటేడు మళ్లీ వచ్చింది. తర్వాత ఏడాదికి రెండుసార్లు, మూడుసార్లు. ఆ తర్వాత నడుంలోంచి పొత్తికడుపుకు జారే నొప్పి, మూత్రంలో ఎర్రటి ఇసుక. ఆ తర్వాత తలపోటు, మెడ వెనక బండరాయి పెట్టినట్టు బరువు. చెవి అంచున జొన్నగింజలంత తెల్లటి గడ్డలు లేచాయి. ఆఖరికి పొద్దున లేచేసరికి మొహం ఉబ్బి కళ్లు రెండు గీతలయ్యేవి. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూచునేవాడు. ఆ గోడ దగ్గరే పోయాడు.

తోటలో కాలికి ఏమొచ్చినా అందరూ ముందు సొననే అనుకుంటారు. పచ్చికాయ తొడిమ విరిగినప్పుడు చిమ్మే ఆ జిగురు తగిలితే తోలు కాలి పొక్కుతుంది. పగిలిన వేలిసందులోంచి సొన లోపలికి దిగి ఎముకను పట్టిందనుకున్నారు. సున్నం రాశారు, నువ్వులనూనె రాశారు. సొన ఒంట్లో బలాన్నంతా తాగేస్తుందట, కాబట్టి బలం పెట్టాలి. కాలికి బలం మేకకాళ్ల పులుసు, రక్తానికి బలం కార్జం. ఆదివారం పూజ కాగానే మిగతా ఆడవాళ్లు మాట్లాడుకుంటూ నిలబడితే సవరమ్మ కసాయి కొట్టుకు పరిగెత్తేది, కార్జం వేరేవాళ్లు పట్టుకుపోకుండా. మామ చివరి ఏడాది వారానికి రెండుసార్లు వండింది. అంత బాగా చూసుకున్న కోడలు ఈ చుట్టుపక్కల లేదని ఊళ్లో అనుకున్నారు.

ఇప్పుడు జోజికి మొదటి పూస వచ్చింది. నెల తిరక్కుండా రెండోది వచ్చింది. ఒకరోజు పొద్దున పాక వెనక నడుం పట్టుకుని వంగిపోయి, చెమటలు కారుస్తూ, "ఎవరికీ చెప్పకు" అన్నాడు. నేలమీద ఎర్రటి ఇసుక ఆమె చూసింది. ఆ రోజే అతణ్ణి బయల్దేరదీసింది.

బొగ్గుతో నడిచే బస్సు హనుమాన్ జంక్షన్ దాకా దగ్గుతూ వెళ్లింది. అక్కణ్ణుంచి ఇంకో బస్సు. బెజవాడ రోడ్డులో ఒక మిషను ఆసుపత్రి. తెల్లచీర కట్టుకున్న డాక్టరమ్మ జోజి కాలు చూడకముందే అతని చెవి మడిచి చూసింది.

"ఇలాంటి గింజలు మీ నాన్నకి కూడా ఉండేవా నాయనా?"

"లేవండీ" అన్నాడు జోజి. "ఉండేవండీ" అంది సవరమ్మ. రెండు మాటలూ ఒక్కసారే వచ్చాయి.

"మరి ఎవర్ని నమ్మమంటారు?"

"దానికి అన్నిట్లో మా నాన్నే కనబడతాడండీ. ఎద్దు కుంటినా మా నాన్నే అంటది."

జోజి చెవిమీద ఎప్పుడు లేచిందో, ఒక చిన్న తెల్లటి గింజ. ఇరవై రెండేళ్లుగా పక్కన ఉన్న మనిషి. ఆమె చూడనేలేదు.

రక్తం తీశారు. చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టి చూశారు. రెండు రోజులు వరండాలో ఉండమన్నారు. మూడోరోజు డాక్టరమ్మ ఇద్దరినీ కూచోబెట్టింది.

"రక్తంలో యూరిక్ ఆసిడ్ అని ఒకటుంటుందమ్మా. అందరికీ ఉంటుంది. తిన్న తిండిలోంచి కొంత, ఒంట్లో అరిగినదాంట్లోంచి కొంత పుడుతుంది. అది మూత్రంలో పోవాలి. ఈయనకు పోవలసినంత పోవడంలేదు. నీళ్లలో ఉప్పు మరీ ఎక్కువేస్తే ఏమవుతుంది?"

"అడుగున పేరుద్దండీ."

"అంతే. ఒంట్లో చల్లగా ఉండే చోటు కాలివేలు. అక్కడ సూదుల్లా పేరుకుంటుంది. దాన్నే గౌటు అంటాం. మూత్రపిండంలో పేరుకుంటే రాయి."

"మరి మొహం వాయడమో?" అడిగింది సవరమ్మ.

"మూత్రపిండాలు పాడైతే ఒంట్లో నీరు నిలుస్తుంది. బ్లడ్ ప్రెజరు పెరిగి గుండె అలిసిపోతుంది. వీటిలో ఏది దేన్ని లాక్కొస్తుందో మాకూ పూర్తిగా తెలీదమ్మా. కానీ ఇవన్నీ ఒకే ఇంటి మనుషులు. ఒకటి గుమ్మంలో కనబడితే మిగతావాటికోసం కనిపెట్టుకునుండాలి. ఈయన ప్రెజరు ఇప్పటికే ఎక్కువుంది."

"మరి సొనో?" అన్నాడు జోజి.

"సొన తోలు కాలుస్తుంది నాయనా. ఎముకలోకి దిగదు."

కొల్చిసిన్ అని మాత్రలిచ్చింది. విరేచనాలు పట్టుకుంటే ఆపెయ్యమంది. నీళ్లు బాగా తాగమంది. తినకూడనివి చెప్పింది. కార్జం, మూత్రపిండాలు, మెదడు, ఎండుచేపలు, కల్లు.

"కల్లు ఎక్కడుందండీ, సర్కారు మూసేసిందిగా" అన్నాడు జోజి పసిపిల్లాడి మొహం పెట్టి.

"సర్కారుకు తెలీకుండా తాగేది కూడా వద్దు."

జోజి నవ్వుతూ బయటికి వెళ్లాడు. సవరమ్మ లేవలేదు.

"మా మామకు ఇదే వచ్చిందండీ. వారానికి రెండుసార్లు కార్జం పెట్టా. నేనే చంపుకున్నానా?"

"లేదమ్మా. ఇది వంశంలో వచ్చే జబ్బు. తిండి ఒక్కటే కారణం కాదు. కార్జం ముట్టకపోయినా వచ్చేదే."

"మరి తింటేనో?"

డాక్టరమ్మ చేతిలో కాగితం వైపు చూసింది. "కాస్త ముందొచ్చి ఉండొచ్చు" అంది.

ఆ 'కాస్త' సవరమ్మ వెనకే వచ్చి బస్సెక్కింది. కాస్త అంటే ఎంత? ఒక మామిడి కాపా, రెండు కాపులా? ఇంకో ఈస్టరు దాకానా? బస్సు ఆగిన ప్రతిచోటా ఆ మాట దిగి నిలబడి, మళ్లీ ఎక్కి ఆమె పక్కనే కూచుంది.

ఆ తర్వాత మామ నడక తోటలో వినిపించడం మానేసింది. వంటింటి గుమ్మం దగ్గర వినిపించసాగింది. మధ్యాహ్నం పొయ్యిముందు కూచుంటే, ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు మెల్లగా వచ్చి, గడప దగ్గర ఆగేది. ఆమె వెనక్కి తిరిగేది కాదు. కార్జం వండిన మట్టిదాకను కాలవగట్టుకు పట్టుకెళ్లి పగలగొట్టింది. పెంకులు నీళ్లలో మునిగేదాకా నిలబడి చూసింది. అయినా మర్నాడు గడప దగ్గర ఆ అడుగులు ఆగాయి.

మాత్రలకు జోజి వేలు దిగింది. ఈస్టరుకు ముందు నలభై రోజులు తపస్సుకాలం కాబట్టి ఇంట్లో ఎలాగూ మాంసం లేదు. ఆ నలభై రోజులు సవరమ్మకు దేవుడు చెయ్యి అడ్డం పెట్టినట్టుంది. ఈస్టరు దాటింది. కాయ ముదిరి భుజాలొచ్చాయి. మొదటి కోత రోజు పెట్టుకున్నారు.

"వాటా తినకయ్యా" అంది.

"ఒక్క రోజు. ఒక్క ఆకు."

"ఆ ఒక్క ఆకుతో మళ్లీ మొదలవుద్ది."

"నేను తినకపోతే ముఠా చెట్టెక్కదు. ఎవడన్నా పడితే జీవితాంతం నన్నే చూపిస్తారు. రాయప్ప కొడుకు కాలు నొప్పికి జడిసి వాటా వదిలేశాడంటారు."

"అననీ."

"మా నాన్న ముప్ఫై ఏళ్లు తిన్నాడే!"

"అందుకేగా చెబుతున్నా."

అతను చుట్ట వెలిగించుకుని అటు తిరిగాడు. ఆ రోజు ఆగితే ఇక ఎప్పటికీ ఆగుతాడు, ఆ రోజు తింటే ఇక ఆగడు. అది సవరమ్మకు తెలుసు. ఆమె పెద్దిరాజు గారి దగ్గరికి వెళ్లి అరుగుకింద నిలబడింది.

"జబ్బు చేసిందని నేనెవర్నీ తీసెయ్యనమ్మా" అన్నారాయన. "కానీ వాటా ఎవరు తింటే మేస్త్రి వాళ్లు. అది నేను పెట్టిన రూలు కాదు. మీవాడు తినకపోతే ముఠాలో అతని తర్వాతివాడు పున్నయ్య తింటాడు. ముఠా పున్నయ్య మాట వింటుంది. ఆ తర్వాత మీవాడు గంపలు మోసుకోవాలి. ఒప్పుకుంటాడా?"

ఒప్పుకోడు. గంపలు మోసే ముందే ఎక్కడికో వెళ్లిపోతాడు. లేకపోతే ఆ పాకలోనే గోడకు ఆనుకుని కూచుంటాడు.

కోత రోజు తెల్లవారుజాము చీకటి ఇంకా పూర్తిగా విడవలేదు. చెట్లకింద తడివాసన, పచ్చికాయ వాసన, మేక రక్తం వాసన ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. ముఠా వరసగా నిలబడింది. కార్జం నిప్పులమీద చిటపటమంది. పెద్దిరాజు గారు అడ్డాకు జోజి చేతిలో పెట్టారు.

"తిను బావా, చల్లారిపోద్ది. నీకు భయంగా ఉంటే నేను సాయం పడతా" అన్నాడు పున్నయ్య. అందరూ నవ్వారు. జోజి నవ్వలేదు. ఆకువైపు చూస్తున్నాడు. సవరమ్మ అతణ్ణి చూస్తోంది. పొగ పక్కకు తిరిగినప్పుడు అతని వెనక చెట్టు మొదట్లో ఎవరో కూచుని ఉన్నట్టు తోచింది. ఉబ్బిన మొహం, గీతల్లాంటి కళ్లు. పెట్టే చేతికోసం నోరు తెరుచుకుని ఉన్నాడు.

ఆమె నడిచి వెళ్లింది. జోజి చేతిలోంచి ఆకు తీసుకుంది. ముక్క నోట్లో పెట్టుకుంది.

"అక్కా!" అన్నాడు పున్నయ్య. "అది మేస్త్రి వాటా!"

నోటినిండా ఉండి ఆమె మాట్లాడలేకపోయింది. తెలుసన్నట్టు తలూపింది. నాలుక కాలింది. కళ్లలో నీళ్లొచ్చాయి. కార్జం తింది, ఒక మూత్రపిండం తింది, రెండోది తింది. ఎవరూ నవ్వలేదు. ఎక్కడో కొమ్మల్లో కోయిల ఒకటి మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. ఆకు ఖాళీ అయ్యాక మడిచి నిప్పుల్లో వేసి, చిక్కం అందుకుంది. కాయలు ఏరడం, గడ్డి పరవడం, గంపలు నింపడం తప్ప ఆడవాళ్లు చిక్కం పట్టే తోట కాదది. గడ బరువుకు భుజాలు వణికాయి. వల ఒక కొమ్మకు తట్టుకుంది, ఇంకో కొమ్మకు చిక్కుకుంది. ఆఖరికి ఒక చిన్నకాయ, దానితోపాటు గుప్పెడు ఆకులు కిందికి వచ్చాయి.

జోజి మొహం మసిబారింది. పెద్దిరాజు గారు జోజిని చూశారు, ఆమెను చూశారు.

"వాటా తింది, కాయ దించింది" అన్నారు. "నాకేం పేచీ లేదు. పున్నయ్యా, మీకేమన్నా ఉందా?"

పున్నయ్య తల గోక్కున్నాడు. వాటా తిన్నవాళ్ల మాట కాదంటే పడేది తనే కావచ్చు. "మేస్త్రమ్మా, ముందు ఏ చెట్టో సెలవియ్యి మరి" అన్నాడు, సగం వెక్కిరింతగా.

సవరమ్మకు ఏమీ తెలీదు. మొగుడివైపు చూసింది. జోజి ఆమెను చూడలేదు. చాలాసేపు చెట్లవైపు చూశాడు. తర్వాత అతను, ఎవరితోనో కాకుండా, చెట్లతో అన్నట్టు, "మూడో వరసలో తూర్పుది. ఉత్తరం కొమ్మ బోలుగా ఉంది, దాని జోలికి పోవద్దు" అన్నాడు.

"మూడో వరసలో తూర్పుది" అని సవరమ్మ గట్టిగా చెప్పింది. "ఉత్తరం కొమ్మ ఎక్కకండి."

ముఠా కదిలింది. ఆ కాపంతా అలాగే నడిచింది. అతను నేలమీద నిలబడి చెప్పేవాడు, ఆమె పైకి వినిపించేది. ఎవరూ జారలేదు.

ఆ మొదటి రోజు మాత్రం పగలంతా జోజి ఆమెతో మాట్లాడలేదు. పొద్దు వాలాక పాకముందు కూచున్నాడు. ఆమె గంజన్నం గిన్నె పెట్టి కాస్త దూరంగా కూచుంది. అతను గిన్నె ముట్టుకోలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు చివరికి.

"ఏది?"

"అదే. వాటా."

ఇన్నేళ్లు వండినా ఆమె ఎప్పుడూ కార్జం నోట పెట్టలేదు. మగవాళ్లు తిన్నాక మిగిలేది కాదు. ఇంకా ఆ రుచి నాలుకను వదల్లేదు.

"ఇనుము నాకినట్టుంది" అంది.

జోజి ఆమెవైపు తిరిగాడు. పొద్దుటినుంచి అదే మొదటిసారి.

"నాన్న కూడా అదే మాటన్నాడు."

"ఎప్పుడు?"

"చివర్లో. ఏం తిన్నా నోట్లో తుప్పు నాకినట్టుందిరా, మింగుడు పడట్లేదు అన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు."

"నాతో ఎప్పుడూ బాగుందమ్మా అనేవాడు."

"నువ్వు అంత ఆత్రంగా పెడతంటే వద్దనలేకపోయాడు."

"నువ్వన్నా చెప్పొచ్చుగదయ్యా!"

"చెబితే మానేసేదానివా?"

చీకటి పడింది. జోజి గిన్నె దగ్గరికి లాక్కుని ముద్ద కలిపాడు. బాగుందా అని ఆమె అడగలేదు. బాగుందని అతను అనలేదు. అతను మింగే ప్రతి ముద్దనూ చూస్తూ ఆమె అక్కడే కూచుంది.